‘అనబడే’ అన్న మాట

సత్యాసత్యాలను గూర్చి విచారించేటప్పుడు మన దృష్టి సాధారణంగా నామవాచకాల మీద, క్రియల మీద నిలుస్తుంది. ఎవరు, ఏమి చేశారు, అది నిజమా కాదా అని అడుగుతాము. నామవాచకానికి ముందు నక్కి కూర్చున్న చిన్న విశేషణాన్ని ఎవరూ సాక్షిగా పిలువరు. ఇంగ్లీషులో అట్టి మాట ఒకటి ఉన్నది: ‘సో-కాల్డ్’. అలా పిలువబడినది అని దాని అక్షరార్థం. హిందీవారు దానికి ‘తథాకథిత్’ అనే సంస్కృత సమాసాన్ని వాడుకుంటారు. ఉర్దూలో ‘నామ్‌నిహాద్’ ఉన్నది. పేరు ఉంచబడినది అని దాని భావం. తెలుగువారు ‘అనబడే’ అంటారు, ‘అని పిలువబడే’ అంటారు. కొందరు హిందీలోని ‘తథాకథిత’నే తెచ్చుకున్నారు. పత్రికలలో, ఉపన్యాసాలలో, వాదప్రతివాదాలలో ఈ మాట వినబడని రోజు ఉండదు. ఇంతగా వాడుకలో ఉన్న మాటను సరిగా వాడడం ఎట్లా అన్నది వ్యాకరణానికి చెందిన ప్రశ్న మాత్రమేనని నేను చాలాకాలం అనుకున్నాను. అది నీతికి చెందిన ప్రశ్న కూడా అని తెలిసివచ్చిన సందర్భాన్ని ముందుగా చెప్పవలె.

కొన్నేళ్ళ క్రితం ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒకచోట ‘తథాకథిత్ జరాయమ్‌పేషా జాతియా’ అని వచ్చింది. జరాయమ్ అంటే నేరాలు, పేషా అంటే వృత్తి. బ్రిటిషు ప్రభుత్వం ‘క్రిమినల్ ట్రైబ్స్’ అని పేరుపెట్టిన జనసముదాయాలకు ఉత్తర హిందూస్థానంలో వాడుకలోకి వచ్చిన మాట అది. నేను ‘నేరమే వృత్తిగా గల జాతులు’ అని వ్రాశాను. ‘తథాకథిత్’ను విడిచిపెట్టాను. పొరపాటున విడిచినది కాదు. ఆ వాక్యం అప్పటికే పొడవుగా ఉన్నది. ‘అనబడే’ చేరిస్తే నడక కుంటుపడుతుందని తోచింది. పుస్తకం అచ్చయింది. కొద్ది నెలలకు ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసినవారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఆ చట్టం కింద నమోదైన కుటుంబంలో పుట్టినవారు. హిందీ మూలాన్ని కూడా చదివినవారు. కోపం లేదు ఆ ఉత్తరంలో. “అయ్యా, మూల రచయిత మమ్మల్ని దొంగలనలేదు, ఇతరులు అన్నారని మాత్రమే చెప్పారు. తమరు అన్నారు” అని ఒక్క వాక్యంలో విషయం చెప్పి, నమస్కారాలతో ముగించారు.

ఆ వాక్యానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఒక్క విశేషణాన్ని తొలగించినందువల్ల, ఒక అన్యాయాన్ని గూర్చి చెప్పే వాక్యం ఆ అన్యాయాన్నే మళ్ళీ చేసే వాక్యంగా మారింది. అప్పటినుంచి ఈ చిన్న మాటను గూర్చి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ఆలోచన ఫలితమే ఈ వ్యాసం.

ఇంగ్లీషులో దీని వాడుకను మొదట చూతాము. నామానికి ముందు వచ్చినప్పుడు రెండు మాటలను అడ్డగీతతో కలిపి వ్రాస్తారు. నామం తరువాత, ఫలానా కారణంవల్ల అలా పిలుస్తారు అని చెప్పేటప్పుడు గీత ఉండదు. అప్పుడు అది కేవలం పేరు పుట్టుకను తెలిపే వివరణ. ముందు వచ్చినప్పుడు దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి తటస్థమైనది: ఈ వస్తువుకు వ్యవహారంలో ఈ పేరున్నది అని చెప్పడం. శాస్త్ర గ్రంథాలలో పాఠకునికి కొత్తదైన పారిభాషిక పదాన్ని పరిచయం చేసేటప్పుడు ఇట్లా వాడతారు. రెండవది సందేహార్థకం: ఈ పేరు ఉన్నది గాని తగినది కాదు అని సూచించడం. సామాన్య వాడుకలో ఈ రెండవ అర్థమే బలపడడంవల్ల, మొదటి అర్థంలో వాడేవారు తెలియకుండానే తాము పరిచయం చేస్తున్న వస్తువును అవమానిస్తూ ఉంటారు. అందుచేత వట్టి పరిచయానికి ఈ మాటను వాడకపోవడమే మేలని శైలిని గూర్చి వ్రాసేవారు చెబుతారు. మరొక నియమం కూడా ఉన్నది. ఈ మాట పెట్టిన తరువాత ఆ పేరును మళ్ళీ ఉద్ధరణ చిహ్నాలలో బంధించకూడదు. సందేహాన్ని ఒకసారి చెప్పిన పిమ్మట రెండవసారి కన్నుగీటడం అనవసరం.

ఈ నియమాలు తెలుసుకోదగినవే. కాని వీటన్నిటినీ పాటించి కూడా ఈ మాటను తప్పుగా వాడవచ్చు. ఎందుచేతనంటే, ఇందులో దాగి ఉన్న ప్రశ్నను ఈ నియమాలు తాకవు. ఎవరు పిలిచారు? ‘సో-కాల్డ్’ అన్నా, ‘తథాకథిత’ అన్నా పిలిచినవాడు కనబడడు. క్రియ ఉన్నది, కర్త లేడు. పేరు ఆకాశంనుంచి ఊడిపడినట్లుంటుంది. తనకు తానే బిరుదు తగిలించుకున్నవానికి ఇంగ్లీషులో వేరే మాట ఉన్నది. ఫ్రెంచినుంచి తెచ్చుకున్న మాట కూడా ఒకటి ఉన్నది. ఆ మాటలు కర్తను చూపిస్తాయి: తనను తాను అట్లా చెప్పుకొనేవాడు అని. ‘సో-కాల్డ్’ మాత్రం కర్తను చూపదు. లోకం పిలిచిందా, ప్రభుత్వం పిలిచిందా, శత్రువు పిలిచాడా, అతడే చెప్పుకున్నాడా, పాఠకుడు ఊహించుకోవలసిందే.

మన భాష ఈ విషయంలో ఇంగ్లీషుకన్న నిక్కచ్చిగా ఉండగలదు. ‘అనే’ అంటే పేరు చెప్పడం మాత్రమే. రామయ్య అనే రైతు అన్నప్పుడు రామయ్యను మనం శంకించడం లేదు. ‘అనిపించుకొన్న’ అంటే పదిమంది చేత ఆ మాట సంపాదించినవాడు; అందులో మెప్పు ఉన్నది. ‘అని చెప్పుకొనే’ అంటే తానే చెప్పుకుంటున్నాడు, మనం ఒప్పుకోలేదు. ‘పేరుకు పెద్దమనిషి’ అంటే పేరున్నది, సరుకు లేదు. ఈ చివరిదానికి మన పల్లెవాళ్ళు ఎప్పుడో సామెత కట్టారు: నేతి బీరకాయలో నెయ్యెంత? పేరులో ఉన్న నెయ్యి కాయలో లేదు. దానిని ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే కాయను కోసి చూడవచ్చు. సందేహించినవాడు రుజువు చేతిలో పెడుతున్నాడు.

ఇక ‘అనబడే’. ‘బడు’ ధాతువుతో కూడిన కర్మణి వాక్యాలు తెలుగు నుడికారానికి అంతగా ఇమడవని మన వైయాకరణులు చెబుతూనే ఉన్నారు. తెలుగువాడు మాట్లాడేటప్పుడు ‘అనబడుతుంది’ అనడు, ‘అంటారు’ అంటాడు. ‘అంటారు’ అనగానే వినేవాడు ‘ఎవరు?’ అని అడగవచ్చు. చెప్పేవాడు జవాబు చెప్పవలసి వస్తుంది. వ్రాతలోకి వచ్చేసరికి సంస్కృతపు, ఇంగ్లీషు వాక్యరీతుల ప్రభావంవల్ల ‘అనబడే’ స్థిరపడింది, కర్త మాయమైనాడు. కనుక ఈ మాట విషయంలో భాషాశుద్ధి, న్యాయబుద్ధి ఒకే దిక్కుకు చూపుతున్నాయని నాకు అనిపిస్తుంది.

మరొక సూక్ష్మం కూడా ఉన్నది. ఇంగ్లీషులో ‘సో-కాల్డ్’ మొదట వస్తుంది, దాని వెనుక పదాల వరుస నడుస్తుంది. ‘సో-కాల్డ్ క్రిమినల్ ట్రైబ్స్’ అన్నప్పుడు సందేహం దేనిమీద? నేరం మీదనా, జాతి మీదనా, రెండిటిమీదనా? వాక్యం చెప్పదు. హిందీ ‘తథాకథిత్’ కూడా అట్లాగే ముందు నిలుస్తుంది. తెలుగు ‘అనబడే’ మాత్రం శంకించే మాటకు వెనుక, నిలబెట్టే మాటకు ముందు వస్తుంది. ‘నేరస్థులనబడే జాతులు’ అంటే జాతులున్నాయి, వారిని నేరస్థులనడం తగదు అని అర్థం. ‘నేరస్థ జాతులనబడే ప్రజలు’ అంటే ప్రజలున్నారు. వారిని జాతులుగా విడదీసి నేరం అంటగట్టిన ఆ పేరంతా తగదు అని అర్థం. కత్తి ఎక్కడ వేస్తే ఎంత తెగుతుందో తెలుగు రచయిత నిర్ణయించుకోవచ్చు. ఆ స్వేచ్ఛ ఉండగా ‘తథాకథిత నేరస్థ జాతులు’ అని వ్రాయడం, చేతికందిన పనిముట్టును పక్కన పెట్టి మొద్దుకర్రను తీసుకున్నట్లవుతుంది.

ఇంతకూ ఆ పేరు ఎట్లా పుట్టింది? 1871లో బ్రిటిషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని చేసింది. మొదట ఉత్తర ప్రాంతాలలో అమలు జరిపి, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా విస్తరింపజేసింది. ఒక తెగ గాని, ముఠా గాని, వర్గం గాని పద్ధతిగా నేరాలు చేయడానికి అలవాటుపడినదని స్థానిక ప్రభుత్వం నమ్మితే చాలు. ఆ సముదాయాన్ని నేరస్థ తెగగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన న్యాయమైనదా కాదా అని ప్రశ్నించే అధికారాన్ని 1871 చట్టం న్యాయస్థానాలకు లేకుండా చేసింది. ప్రకటన వెలువడిన పిమ్మట ఆ తెగవారి పేర్లు పోలీసు పుస్తకంలోకి ఎక్కేవి. వారు నియమిత వేళలకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. దీని వెనుక ఉన్న తర్కం విచిత్రమైనది. ఈ దేశంలో వృత్తి కులాన్నిబట్టి వస్తుంది, నేతగాని కొడుకు నేతగాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి. కనుక దొంగ కొడుకు దొంగ. పరాయి దేశపు పాలకులు మన సమాజంలోని కులవ్యవస్థను చూచి నేర్చుకున్న పాఠం అది. పాఠం చెప్పిన పాపంలో మనకు భాగం లేదనలేము.

ఇక్కడ ‘పిలిచినవాడు’ ఎవరో స్పష్టంగా తెలుసు. గెజెట్టులో సంతకం ఉన్నది, తేదీ ఉన్నది. అయినా పేరు పడిన కొన్నాళ్ళకు సంతకం చేసినవాడు మరుగైనాడు, పేరు మిగిలింది. తెలుగుదేశంలో ఎరుకలవారి కథ దీనికి నిదర్శనం. బుట్టలల్లడంతో పాటు, తీరంనుంచి ఉప్పును లోపలి గ్రామాలకు చేరవేసి, అక్కడి ధాన్యాన్ని మార్చుకొని తెచ్చే సంచారవ్యాపారం వారిలో చాలామందికి జీవనాధారం. రైలుమార్గాలు, ప్రభుత్వపు ఉప్పు విధానం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బ్రతుకుతెరువు పోయిన పిమ్మట, బ్రతుకుతెరువు లేకపోవడమే వారి మీద అనుమానానికి కారణమయింది. 1911 చట్టం వచ్చిన కొద్ది సంవత్సరాలకు బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా ఉండిన హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. దేశంలోని ఎన్నో ఊళ్ళు దొరల పేర్లు మోశాయి. ఈ ఊరు దొర పేరుతోపాటు ఆ చట్టం పెట్టిన పేరును కూడా మోయవలసి వచ్చింది.

1936లో నెల్లూరులో మాట్లాడుతూ జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఏ తెగనూ తెగగా నేరస్థమైనదని వర్గీకరించరాదన్నది ఆయన వాదం. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం చట్టాన్ని రద్దు చేయవలసిందని చెప్పింది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. నాటినుంచి ఈ సముదాయాలకు ‘విముక్త జాతులు’ అన్న పేరు వచ్చింది. వారిలో అనేకులు ఆగస్టు 31వ తేదీని విముక్తి దినంగా జరుపుకుంటారు. కాని చట్టం పుస్తకంలోనుంచి పోయినంత సులభంగా పేరు నాలుక మీదనుంచి పోలేదు. అలవాటు నేరస్థులను గూర్చి రాష్ట్రాలు చేసిన చట్టాలు పాత అనుమానానికి కొత్త నీడనిచ్చాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళ నియమావళులలోని కులవివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతులవారి పట్ల ఆ నియమావళులు చూపిన వివక్షను కూడా తప్పుపట్టవలసి వచ్చింది. రద్దయిన డెబ్బయి రెండేళ్ళకు! మన సినిమాల పేర్లలో కూడా ‘స్టూవర్టుపురం’ పక్కన ‘దొంగలు’ చేరింది. ఊరి పేరు చెప్పగానే నవ్వే మనిషిని, ఆ ఊరిలో పుట్టిన పిల్లవాడు బడిలో, ఉద్యోగపు మౌఖిక పరీక్షలో, పెళ్ళిచూపులలో ఎదుర్కోవలసి వస్తుంది.

ఇట్టిచోట ‘అనబడే’ అని చేర్చడం కేవలం మర్యాద కాదు, వాస్తవాన్ని సరిదిద్దడం. దానిని విడిచిపెట్టడమంటే గెజెట్టు కింద నేను కూడా సంతకం చేయడం. నేను చేసినది అదే.

అయితే ఆ మాటను చేర్చితే సరిపోతుందా? సరిపోదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక గ్రంథంలో మొదటి పుటలో ‘నేరస్థులనబడే జాతులు’ అని వ్రాసి, పదవ పుట చేరేసరికి ‘ఈ నేరస్థ జాతులు’ అని వ్రాసినవారున్నారు. సందేహం గుమ్మం దగ్గర చెప్పులవలె విడువబడింది. పేరు మాత్రం లోపలికి వచ్చి కూర్చున్నది. అంతకన్న ‘1871 చట్టం నేరస్థ తెగలుగా ప్రకటించిన సముదాయాలు’ అని ఒకసారి వ్రాసి, ఆపైన ‘ఈ సముదాయాలు’ అనడం సూటియైన మార్గం. అందులో కర్త ఉన్నాడు, కాలం ఉన్నది. పేరు ఎవరిదో వారికే తిరిగి అప్పగించబడింది. పొడవు పెరుగుతుంది, నిజమే. అన్యాయానికి చిన్న పేరుంటుంది, న్యాయానికి పెద్ద వాక్యం కావలసి వస్తుంది. ఆ ఖర్చును రచయిత భరించవలసిందే.

ఇంతవరకు ఈ మాటను బలవంతుడు బలహీనుని మీద వేసిన పేరును కదిలించే సాధనంగా చూచాము. ఇదే సాధనం ఎదురు దిశలో కూడా పనిచేస్తుంది. జర్మను భాషలో దీనికి సమానమైన మాట ఉన్నది. అది కూడా తటస్థంగాను, సందేహంగాను వాడుకలో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత, 1949లో, తూర్పు జర్మనీ ప్రత్యేక రాజ్యంగా ఏర్పడింది. దాని ప్రభుత్వానికి ప్రజాస్వామ్య గణతంత్రం అన్న పేరు తగదని పశ్చిమ జర్మనీలో చాలామంది భావించారు. ఆ భావానికి కారణాలు లేకపోలేదు. స్ప్రింగర్ సంస్థ పత్రికలు ఏళ్ళ తరబడి ఆ రాజ్యం పేరును ఉద్ధరణ చిహ్నాల మధ్యనే అచ్చువేశాయి. 1989 ఆగస్టులో ఆ చిహ్నాలను తీసివేశాయి. మరికొన్ని నెలలకు బెర్లిన్ గోడ కూలింది, మరుసటి సంవత్సరం ఆ రాజ్యమే లేకుండా పోయింది. పాలకుల బూటకాన్ని ఎత్తిచూపడానికి పెట్టిన ఆ చిహ్నాలు నలభై ఏళ్ళలో వట్టి అలవాటుగా మారాయి. ఆ చిహ్నాల మధ్య కోటిన్నరకు పైగా మనుష్యులు తమ ఇళ్ళలో కాపురం చేస్తూ ఉండినారు. ఒక మాటను వందసార్లు శంకించినవాడు నూటొకటోసారి కారణం చెప్పడం మరచిపోతాడు.

మనదేశంలో కూడా ఈ అలవాటు బలంగా ఉన్నది. ‘తథాకథిత మేధావులు’, ‘తథాకథిత దేశభక్తులు’, ‘తథాకథిత అభ్యుదయవాదులు’ అని ఒకరినొకరు అనుకోవడం మన బహిరంగ వాదాలలో నిత్యకృత్యం. ఎవరి పక్షం వారిదే. మాట మాత్రం అందరిదీ ఒకటే. ఇందులో వాదం లేదు, వాదం ఉన్నట్లు భ్రమ ఉన్నది. ‘అతడు మేధావి కాడు’ అని సూటిగా వ్రాస్తే కారణం చెప్పవలసి వస్తుంది. ‘తథాకథిత మేధావి’ అంటే చెప్పనక్కరలేదు. అడిగితే, ‘అందరూ అట్లా అంటారు కదా, నేను అదే వ్రాశాను’ అని మాట యొక్క తటస్థార్థం వెనుక దాక్కోవచ్చు. దెబ్బకొట్టి, కొట్టలేదని చెప్పుకొనే వీలును ఈ మాట ఇస్తుంది. రెండర్థాలున్న మాటను ఒక అర్థంతో ప్రయోగించి, మరొక అర్థంతో తప్పించుకోవడం అసత్యానికి చుట్టమే.

మరి ఒక సముదాయం తనకు తానే పెట్టుకున్న పేరు మాట ఏమిటి? ఇక్కడ తెలుగువారి చరిత్రలోని ఒక ఘటన గుర్తుచేసుకోదగినది. 1917లో బెజవాడలో అస్పృశ్యులుగా చూడబడుతున్న వర్గాలవారు మహాసభ జరుపుకున్నారు. అది పంచముల సభగా పిలువబడింది. హైదరాబాదునుంచి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ మాటనే ప్రశ్నించారు. నాలుగు వర్ణాలు చెప్పిన శాస్త్రాలలో అయిదవది ఎక్కడిదని, ఈ నేలకు మొదటివారమైన మేము ఆది ఆంధ్రులమని ఆయన వాదించారు. సభ ఆది ఆంధ్ర సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ మొదలైన మాటలకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లను అంగీకరించింది. ఆ సభలో జరిగినది గమనించండి. ‘పంచములనబడే మేము’ అని చెప్పి వారు ఊరుకోలేదు. పేరు ఎందుకు తగదో కారణం చెప్పారు; తగిన పేరు ఏదో చూపారు; అది తామే పెట్టుకుంటున్నామని కర్తను ప్రకటించారు. నాకు తెలిసినంతలో ఈ విశేషణాన్ని సక్రమంగా వాడడానికి ఇంతకన్న మంచి పాఠం ఏ వ్యాకరణ గ్రంథంలోనూ లేదు. వారు ఆ విశేషణాన్ని అసలు వాడలేదన్నది వేరే సంగతి.

తరువాత ‘హరిజన’ అన్న పేరు వచ్చింది. దయతో పెట్టిన పేరు అది. అయినా 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట చేరినప్పుడు అంబేద్కరు అభ్యంతరం చెప్పారు. పెట్టినవాని మనస్సు మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. ఆ పేరు మోయవలసినవారు ఒప్పుకున్నారా అన్నది మరొక ప్రశ్న. ఈనాడు ఆ వర్గాలలో అనేకులు దళితులని తమను తాము పిలుచుకుంటారు. ‘హరిజనులనబడేవారు’ అని ఈనాటి రచయిత వ్రాస్తే ఇతరులు వేసిన పేరును అతడు పక్కకు జరుపుతున్నాడు. ‘దళితులనబడేవారు’ అని వ్రాస్తే, వారు సంపాదించుకున్న పేరును వారి చేతిలోనుంచి లాగుకుంటున్నాడు. వాక్యనిర్మాణం రెండింటికీ ఒక్కటే. వ్యాకరణం తేడా చూపదు. తేడా అంతా పేరుపెట్టినవాడు ఎవరన్న ప్రశ్నలో ఉన్నది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. తత్త్వదృష్టితో చూస్తే ఏ పేరు మాత్రం నిజమైనది? పాళీ భాషలోని మిళిందపన్హలో నాగసేన స్థవిరుడు యవనరాజుతో తన పేరే వట్టి వ్యవహారమని చెబుతాడు. రథమన్నది చక్రమూ కాదు, ఇరుసూ కాదు, వాటన్నిటినీ ఆశ్రయించుకొని మనం వాడే సంజ్ఞ మాత్రమేనని రాజుచేతనే ఒప్పిస్తాడు. ఆ లెక్కన లోకంలో ప్రతి పేరుకూ ముందు ‘అనబడే’ ఉండనే ఉన్నది. ఒకదానికి మాత్రం ప్రత్యేకంగా చేర్చడంలో గాని, చేర్చకపోవడంలో గాని అంత పట్టింపు ఎందుకు?

ఈ ఆక్షేపణలో సత్యం ఉన్నది. అయితే స్థవిరుని సందేహం మొట్టమొదట తన పేరు మీదనే వాలింది. అది రాజునూ, రథాన్నీ, తననూ సమానంగా తాకింది. ఎవరినీ ఎవరికన్న తక్కువ చేయలేదు. మనం వ్రాసే ‘తథాకథిత’ అట్లా సమానంగా వాలదు. మన బిరుదులను వదలి ఎదుటివాని బిరుదు మీద వాలుతుంది. తన పేరును ముందుగా సందేహించుకున్నవానికి లోకపు పేర్లన్నిటినీ సందేహించే అధికారం ఉండవచ్చు. మిగిలిన మనం వ్యవహారంలో బ్రతికేవాళ్ళం. వ్యవహారంలో పేరు వల్ల అన్నం దొరుకుతుంది, పేరు వల్ల జైలు దొరుకుతుంది. నేరస్థ తెగ అన్నది వట్టి సంజ్ఞ మాత్రమేనని హాజరు పలకడానికి నిలుచున్న మనిషికి చెప్పి ప్రయోజనం లేదు.

మన రాజ్యాంగం ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. అస్పృశ్యతను రద్దుచేసే 17వ అధికరణం ఇంగ్లీషు ప్రతిలో ఆ మాట ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉన్నది. ఆ మాటకు రాజ్యాంగం నిర్వచనం ఇవ్వలేదు. మైసూరు హైకోర్టు ఒక తీర్పులో ఈ చిహ్నాలను గమనించి, అక్కడ ఉద్దేశించినది అక్షరార్థం కాదని, ఈ దేశంలో చరిత్రలో పెరిగిన ఆచారమని వివరించింది. ఆ రెండు చిన్న గుర్తులు పని ఎట్లా చేస్తున్నాయో చూడండి. ఈ మాట మాది కాదు, దీనిని మేము ఒప్పుకోము అంటున్నాయి. అదే సమయంలో ఈ పేరుతో జరిగిన ఆచారం నిజంగా జరిగినది, దానిని నిషేధిస్తున్నాము అంటున్నాయి. పేరు అసత్యం, దాని వల్ల కలిగిన గాయం సత్యం. ‘అస్పృశ్యత అనేది లేనే లేదు’ అని ఆ మాటనే తుడిచివేసి ఉంటే నిషేధించడానికి ఏమీ మిగిలేది కాదు. చిహ్నాలు లేకుండా వ్రాసి ఉంటే, అంటరానివారు అన్న వర్గం ఒకటి సహజంగా ఉన్నదని ఒప్పుకున్నట్లు ఉండేది.

ఈ ఉదాహరణ నా మొదటి తప్పు యొక్క అసలు స్వరూపాన్ని నాకు చూపింది. ఆ పేరును మొత్తంగా తీసివేసి ‘కొన్ని సంచార జాతులు’ అని వ్రాసినా న్యాయం జరిగేది కాదు. అప్పుడు వారికి జరిగినదే కనబడకుండా పోయేది. పేరును చూపవలె, దాని అసత్యాన్ని చూపవలె, దానిని వేసినవానిని చూపవలె. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో నిలబెట్టడమే ఆ చిన్న విశేషణానికి అప్పగించిన పని. దాని మీద భారం ఎక్కువైనచోట రచయిత దానికి తోడుగా మరి నాలుగు మాటలు పంపవలె.

కనుక వ్రాసేటప్పుడు ఇప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పేరు ఎవరు పెట్టారు? దానిని మోసేవారు ఒప్పుకున్నారా? నేను శంకిస్తున్నానంటే కారణం చెప్పడానికి సిద్ధంగా ఉన్నానా? మొదటిదానికి జవాబు తెలిస్తే ఆ కర్తనే వ్రాస్తాను, ‘అనబడే’తో పనిలేదు. రెండవదానికి అవునని జవాబు వస్తే ఆ విశేషణాన్ని చేర్చను. మూడవదానికి లేదని జవాబు వస్తే వాక్యాన్నే కొట్టివేస్తాను. ఈ ప్రశ్నలకు సమయం పడుతుంది. అనువాదకునికి పుటల లెక్కన కూలి గనుక నష్టం కూడా కొంత ఉన్నది.

ఆ ఉపాధ్యాయులకు ఉత్తరం వ్రాశాను. క్షమాపణ చెప్పి, రెండవ ముద్రణలో సరిచేస్తానని మాట ఇచ్చాను. ముద్రణ వచ్చేసరికి మూడేళ్ళు పట్టింది. ‘ప్రభుత్వం నేరస్థులని ముద్రవేసిన జాతులు’ అని మార్చి, ఒక ప్రతి వారికి పంపాను. కొన్నాళ్ళకు కార్డు వచ్చింది. పుస్తకం అందిందని, ఆ పుట చూచానని వ్రాశారు. దాని కింద మరొక వాక్యం ఉన్నది: మొదటి ముద్రణ ప్రతి తమ ఊరి గ్రంథాలయంలో ఇంకా ఉన్నదని, వీలైతే దానికి బదులు కొత్త ప్రతి పంపవలసిందని. పంపాను. మొదటి ముద్రణ ప్రతులు మరి ఎన్ని గ్రంథాలయాలలో ఉన్నాయో లెక్కవేయడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలడం లేదు.